మా అమ్మాయిని తొందరపెట్టని సంఘం

కుటుంబంతో ఏ క్రైస్తవ సంఘంలో చేరాలా అని వెతుక్కునేవాళ్లు ముందు అడిగేది ఆరాధన ఎంతసేపు ఉంటుంది, పాటలు ఎలా పాడతారు, ప్రసంగం అర్థమయ్యేలా ఉంటుందా అని. రెండు మూడు ఆదివారాలు వెళ్లి కూర్చుంటే అవన్నీ మీకే తెలిసిపోతాయి. నేను వాటి జోలికి పోను. చాలా ఏళ్లుగా ఒకే సంఘంలో ఉన్నాక నాకు చెప్పాలనిపించేది ఒక్కటే. మా అమ్మాయి బాప్తిస్మం విషయంలో "నేనింకా సిద్ధంగా లేను" అన్నప్పుడు, మా సంఘం ఆ మాట విని ఆగింది. పిల్లను బతిమాలలేదు, బెదిరించలేదు, పక్కన పెట్టలేదు. మేమింకా అక్కడే ఉండడానికి అదే అన్నిటికంటే పెద్ద కారణం.

మా ఇంట్లో రెండు సంప్రదాయాలు. నాది లూథరన్ కుటుంబం. చంటిబిడ్డగా ఉన్నప్పుడే నాకు బాప్తిస్మం ఇచ్చారు. మా వారిది బాప్టిస్టు కుటుంబం. ఆయన ఊహ తెలిశాక తన నోటితో ఒప్పుకొని, నీళ్లలో మునిగి తీసుకున్నారు. పిల్లలు పుట్టేదాకా ఈ తేడా మమ్మల్ని ఇబ్బంది పెట్టలేదు. ఆ తర్వాత ఏ సంఘానికి వెళ్లినా మొదటి ప్రశ్న ఇదే అయింది. ఒకచోట పరిచయమైన రోజే నన్ను పక్కకు పిలిచి, నాది అసలు బాప్తిస్మమే కాదని, మళ్లీ తీసుకుంటే తప్ప ప్రభువు బల్లలో, అంటే రొట్టె, ద్రాక్షారసం పంచుకునే ఆచారంలో, నాకు భాగం లేదని చెప్పారు. మా అమ్మానాన్నలు నన్ను ఎత్తుకొని దేవుడి ముందు చేసిన ప్రమాణాన్ని ఒక్క మాటతో కొట్టిపారేసినట్టు అనిపించి ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఇంకోచోట ఎవరూ ఏమీ అడగలేదు. నెలల తరబడి వెళ్లినా మా పేర్లు కూడా ఎవరికీ తెలియలేదు.

ఇప్పుడున్న సంఘంలో రెండు పద్ధతులకూ చోటుంది. చిన్నప్పుడే ఇప్పించాలనుకునే తల్లిదండ్రులు ఇప్పిస్తారు. ఆ పిల్లలు పెద్దయ్యాక తరగతులకు వెళ్లి సంఘం ముందు తమ విశ్వాసాన్ని తామే ఒప్పుకుంటారు. ఆగాలనుకునేవాళ్లు బిడ్డను దేవుడికి అప్పగిస్తూ ప్రార్థన చేయించే ప్రతిష్ఠ మాత్రం చేయిస్తారు. బాప్తిస్మం బిడ్డ అడిగినప్పుడు. ఒకసారి తీసుకున్నవాళ్లకు మళ్లీ ఇవ్వరు. చేరేముందు మేము పాస్టరు గారిని కలిసి మా సంగతి చెబితే, ఆయన మా ఇద్దరి ముందూ బైబిలు తెరిచారు. అపొస్తలుల కార్యములు 16వ అధ్యాయంలో చెరసాల నాయకుడితో పాటు అతని ఇంటివాళ్లందరూ ఆ రాత్రే బాప్తిస్మం పొందారు కదా, చిన్నపిల్లలకు ఇచ్చేవాళ్లు దాన్ని చూపిస్తారన్నారు. 8వ అధ్యాయంలో ఐతియొపీయుడు వాక్యం విని, నమ్మి, దారిలో నీళ్లు కనిపించగానే తానే అడిగాడు, ఊహ తెలిశాకే ఇవ్వాలనేవాళ్లకు అది ఆధారమన్నారు. 1982లో పెరూలోని లీమాలో వరల్డ్ కౌన్సిల్ ఆఫ్ చర్చెస్ అనే ప్రపంచ సంఘాల సమాఖ్య తరఫున వేర్వేరు సంప్రదాయాల పండితులు కూర్చుని తయారుచేసిన పత్రం గురించి కూడా చెప్పారు. బాప్తిస్మం మళ్లీ ఇచ్చినట్టు అనిపించే ఏ పనీ చేయకూడదని అందులో ఉంది. అలాగని మా వారి నమ్మకాన్ని చిన్నబుచ్చలేదు. 1525లో జ్యూరిక్‌లో కొందరు పెద్దవయసులో బాప్తిస్మం తీసుకున్నారనీ, ఆ నమ్మకం కోసమే 1527లో వాళ్లలో ఒకడైన ఫెలిక్స్ మాంజ్‌ను అక్కడి నదిలో ముంచి చంపారనీ చెప్పి, ప్రాణాలిచ్చిన విషయాన్ని తేలిగ్గా తీసుకోలేమన్నారు. మా ఇద్దరిలో ఎవరూ ఓడిపోకుండా బయటికి వచ్చింది ఆ ఒక్క గదిలోంచే. మా పిల్లలిద్దరికీ ప్రతిష్ఠే చేయించాం.

అసలు పరీక్ష చాలా ఏళ్లకు వచ్చింది. మా అమ్మాయి వయసు పిల్లలంతా ఈస్టరుకు ముందు బాప్తిస్మం తరగతుల్లో చేరారు. తనూ చేరింది, శ్రద్ధగా చదివింది. అడిగిన ప్రశ్నలకు అందరికంటే బాగా జవాబులు చెప్పింది. బాప్తిస్మానికి ఇంకా కొద్ది రోజులుందనగా, రాత్రి భోజనాలయ్యాక, తను తీసుకోవడం లేదని చెప్పింది. "అందరి ముందూ నిలబడి నమ్ముతున్నానని చెప్పాలి కదమ్మా. నమ్ముతున్నానో లేదో నాకే తెలియడం లేదు. తెలియకుండా చెబితే అబద్ధం అవుతుంది" అంది. మా అమ్మ జబ్బుపడినప్పుడు అది మోకాళ్లూని ఎంత ప్రార్థించిందో నాకు తెలుసు. అమ్మ దక్కలేదు. ఆ తర్వాత ఏడాదంతా దాని మనసులో ఏముందో ఆ రాత్రి బయటపడింది.

బాప్టిస్టుల పద్ధతి ప్రకారం చూస్తే మా అమ్మాయి చేసింది నూటికి నూరుపాళ్లు సరైనదే. నమ్మకం లేకుండా నీళ్లలోకి దిగకూడదన్నదే కదా వాళ్ల మాట. మా వారు ఆ సంగతి తానే ఒప్పుకున్నారు. అయినా గుండె ఒప్పుకోవడం లేదని కళ్లనీళ్లు పెట్టుకున్నారు. మా అత్తగారు ఫోనులో, "వయసు దాటిపోతోంది, పాస్టరు గారితో ఒక మాట గట్టిగా చెప్పించండి" అన్నారు. పాస్టరు గారు మా ఇంటికి వచ్చారు. నేను మంచి ఉపదేశమే ఆశించాను. ఆయన అమ్మాయిని మా ఎదుటే కూర్చోబెట్టుకొని, "నీ ప్రశ్న నాకు చెప్పమ్మా, జవాబు చెప్పడానికి కాదు, వినడానికి వచ్చాను" అన్నారు. అది చాలాసేపు మాట్లాడింది. ఆయన మధ్యలో ఒక్కసారి కూడా అడ్డు రాలేదు. చివర్లో మాత్రం పాతకాలపు గొప్ప క్రైస్తవ గురువు అగస్టీను సంగతి చెప్పారు. తల్లి మోనికా విశ్వాసురాలు. కొడుకు చిన్నప్పుడు జబ్బుపడితే బాప్తిస్మం ఇప్పించబోయి, కోలుకున్నాడని వాయిదా వేశారు. ఆయన ఎక్కడెక్కడో తిరిగి, ఎన్నో వాదాల్లో మునిగి, 387లో ఈస్టరుకు మిలాన్‌లో అక్కడి బిషప్పు అంబ్రోసు చేతుల మీదుగా తీసుకున్నాడు. అప్పటికి ముప్పై దాటాయి. "అన్నేళ్లూ ఆయన సంఘానికి పరాయివాడు కాలేదు, నువ్వూ కావు" అని, ప్రార్థన చేసి వెళ్లిపోయారు.

మాటలు ఎవరైనా చెబుతారు, తర్వాత ఏం చేశారన్నది ముఖ్యం. ఆ ఆదివారం మా అమ్మాయి ఎప్పటిలాగే క్వయర్‌లో నిలబడి పాడింది. బాప్తిస్మం తీసుకునేవాళ్లలో దాని పేరు ఎందుకు లేదో ఎవరూ ప్రకటన చేయలేదు, ప్రార్థన విన్నపాల పేరుతో దాని విషయం నలుగురిలో పెట్టలేదు. మిగతా సంఘాల్లో నేను చూసిన దానికి ఇది పూర్తిగా భిన్నం. ప్రభువు బల్ల సమయంలో మేము ముందుకు వెళ్తే అది తన చోట కూర్చునేది. మొదట్లో నాకే వెనక్కి తిరిగి చూడబుద్ధయ్యేది కాదు. తర్వాత గమనించాను, దాని వరుసలో కూర్చున్న ఒక పెద్దావిడ అందరికంటే చివర్లో వెళ్లేది, దాన్ని ఒంటరిగా వదలకుండా. ఆవిడే తర్వాత శనివారాల్లో మా అమ్మాయితో కలిసి మార్కు సువార్త చదవడం మొదలుపెట్టింది. తలుపులు తీసి ఉన్న హాల్లో, ఇంకో పెద్దమనిషి అక్కడే ఉండగా, మాకు చెప్పి. పిల్లలతో ఎవరు కూర్చున్నా ఇదే నియమం. 9వ అధ్యాయం దగ్గర చాలా వారాలు ఆగిపోయారట. బిడ్డ కోసం వచ్చిన తండ్రి, నమ్ముతున్నానంటూనే తన అపనమ్మకానికి సాయం చేయమని యేసును అడుగుతాడే, అక్కడ. ఇలా కూడా అడగొచ్చని తెలియదంది మా అమ్మాయి ఇంటికొచ్చి.

ఇదంతా చూసి, తెలిసినవాళ్లందరికీ మా సంఘానికే రండని చెప్పాను. ఇప్పుడైతే కొంచెం ఆలోచించి చెబుతాను. ఆ పాస్టరు గారికి బదిలీ అయింది. తర్వాత వచ్చినవారు మంచివారే, వాక్యం బాగా చెబుతారు. కానీ ఈస్టరు దగ్గరపడితే ఎంతమంది పేర్లు వచ్చాయని తల్లిదండ్రులను అడుగుతారు. నేను సంఘం గుణమనుకున్న దాంట్లో కొంత ఆ మనిషి గుణం. మిగిలింది కమిటీ రాసిపెట్టుకున్న తీర్మానం: బిడ్డ తానుగా అడగకుండా తల్లిదండ్రులు పేరివ్వకూడదని. అది పుస్తకంలో ఉండబట్టి కొత్త పాస్టరు గారు దాన్ని దాటరు. అందుకే మీరు చూడబోయే సంఘంలో మంచి పద్ధతి కనిపిస్తే, అది రాతలో ఉందా, ఒకరి మనసులో ఉందా అని అడగండి.

ఇంకోటి కూడా ఉంది. మా అబ్బాయి మెతక, ఎక్కువ మాట్లాడడు. వాడు యూత్ కూడికకు వెళ్లడం మానేసి నెలలు గడిచినా ఒక్కరూ ఎందుకని అడగలేదు. అక్క నోరు విప్పి చెప్పింది కాబట్టి దాని కోసం అందరూ ఆగారు. ఏమీ చెప్పని పిల్లవాడి విషయంలో ఆగడం, పట్టించుకోకపోవడం రెండూ బయటికి ఒకేలా కనిపిస్తున్నాయి. నేను సంఘ పెద్దలకు ఈ మాట చెప్పాను. విన్నారు, ఒకరు ఇంటికి కూడా వచ్చారు. వాడి వయసువాళ్లు మా సంఘంలో కొద్దిమందే ఉండడం కూడా ఒక లోటు.

మా అమ్మాయి ఇంతవరకూ బాప్తిస్మం తీసుకోలేదు. చదువు కోసం వేరేచోట ఉంటోంది, అక్కడ ఒక సంఘాన్ని తానే వెతుక్కొని వెళ్తోంది. మార్కు సువార్త మాత్రం ఆ పెద్దావిడతో ఫోనులో సాగుతూనే ఉంది.

మా పరిస్థితికి ఈ సంఘం సరిపోయింది. భార్యాభర్తలిద్దరూ ఒకే సంప్రదాయంలో పెరిగి, పిల్లలకు కూడా అదే స్పష్టంగా నేర్పాలనుకుంటే, రెండు పద్ధతులకూ చోటిచ్చే సంఘం మీకు అయోమయంగా ఉండొచ్చు. ఇంట్లో మాట్లాడని బిడ్డ ఉంటే, వెంటపడి పలకరించే సంఘమే మేలేమో, ఆ పలకరింపు కొంచెం ఒత్తిడిగా అనిపించినా సరే. ఎక్కడికి వెళ్లినా, మా బిడ్డ వద్దంటే మీరేం చేస్తారని పాస్టరు గారిని ఒకసారి అడగండి. అదే ప్రశ్న, పిల్లలు పెద్దయిపోయిన ఒక కుటుంబాన్ని విడిగా అడగండి. మేమైతే ప్రస్తుతానికి ఇక్కడే ఉంటాం. వచ్చే ఏడాది మా అబ్బాయి తరగతుల వయసుకొస్తాడు. అప్పుడు వాణ్ని ఎవరైనా పేరు పెట్టి పిలిచి కూర్చోబెట్టుకుంటారా లేదా చూశాక, ఇక్కడ రాసిన దాంట్లో కొంత మార్చుకోవాల్సి రావచ్చు.