తెల్ల కారుపై తుప్పు చుక్కలు: క్లే బారా, ఐరన్ రిమూవరా?

విజయవాడ రైల్వే స్టేషన్ దగ్గర రోజూ కారు నిలిపేవారు ఒకసారి బానెట్‌ను దగ్గరగా చూడండి. ఆవగింజలో సగం కూడా లేని నారింజ చుక్కలు, తడిమితే గరుకు. చాలావరకు అది రేకు తుప్పు కాదు. పట్టాల నుంచి, బ్రేకుల నుంచి లేచిన ఇనుప రజను పైపూతలో గుచ్చుకుని, తేమ తగిలి తుప్పు పడుతుంది. రంగు ఉబ్బితే మాత్రం తుప్పు లోపలిదే. అప్పుడు క్లే బార్, ఐరన్ రిమూవర్ రెండూ పనికిరావు.

క్లే బార్ అంటే మెత్తని బంకమట్టి లాంటి ముద్ద. రుద్దితే ఆ రజనును పట్టి లాగేస్తుంది. సబ్బునీటి జారుడు లేకుండా రుద్దితే సన్నని గీతలు ఖాయం. ముద్ద నేల మీద పడితే పారేయాల్సిందే. పైగా కణం మొన విరిగి లోపలే మిగిలితే, కొన్నాళ్లకు చుక్క మళ్లీ మొలుస్తుంది.

ఐరన్ రిమూవర్ అనే చల్లే ద్రవం ఇనుముతో చర్య జరిపి దాన్ని కరిగిస్తుంది. చల్లిన కాసేపటికి చుక్కల నుంచి ఊదారంగు ధారలు కారడం చూస్తే నమ్మకం కుదురుతుంది. వాసన ఘాటు, చేతికి గ్లవ్స్ తప్పనిసరి. ఎండలో కాగిన రేకు మీద చల్లకండి. ఆరిపోతే మరక పడుతుంది. మన ఎండలకు తెల్లవారుజామే మేలు.

నా ఓటు ముందు రిమూవర్‌కే. మిగిలిన గరుకుకు క్లే. తర్వాత వ్యాక్స్ పూయండి, రజను అంత తేలిగ్గా అంటుకోదు. బాత్రూమ్ యాసిడ్ మాత్రం దయచేసి వాడకండి.