రాత్రి కూరకు రొయ్యలా, కొరమేనా?

ఎనిమిదింటికి పొయ్యి వెలిగించి, తొమ్మిది లోపు కూరగాయతో సహా ఒకటే కూర దించాలంటే రొయ్యలు మేలా, కొరమేను మేలా? రొయ్య మూడు నాలుగు నిమిషాల్లో, కొరమేను ముక్క పది నిమిషాల్లో ఉడుకుతాయి. ఆలస్యమయ్యేది కూరగాయ దగ్గరే. అందుకే ముందు చూడాల్సింది కూరగాయకు గరిట తగలాలా, వద్దా అని. బీరకాయనో పాలకూరనో కలపకుండా మగ్గించలేం. చేప ముక్కను కలిపితే విరిగిపోతుంది. రొయ్యకు ఆ బాధ లేదు.

బీరకాయతో అయితే పొట్టుతో ఉన్న రొయ్యలు అర కిలో తెచ్చుకుంటే వలిచాక సుమారు పావు కిలో మిగులుతాయి. దానికి అర కిలో లేత బీరకాయ సరిపోతుంది. తరిగేటప్పుడే ప్రతి కాయా కొరికి చేదు చూడాలి. రొయ్యల వీపు మీది నల్ల నరం తీసేసి, ఉప్పు, పసుపు పట్టించి వేడి మూకుట్లో వేయాలి. నీరంతా ఇగిరేదాకా ఉంచడం చాలా ఇళ్లలో అలవాటు. రొయ్య రబ్బరులా సాగేది అందుకే. రెండు నిమిషాల్లో రంగు మారి నెలవంకలా వంగగానే తీసి పక్కన పెట్టండి. సున్నాలా చుట్టుకుందంటే ముదిరినట్టే. దిగిన నీరు మాత్రం పారబోయకండి. రుచంతా అందులోనే ఉంది. ఉల్లి, పచ్చిమిర్చి, అల్లం వెల్లుల్లి వేగాక బీరకాయ వేసి, ఆ నీటితోనే మూతపెట్టి మగ్గించాలి. వేరే నీళ్లు అక్కర్లేదు, బీరకాయే బోలెడు వదులుతుంది. మెత్తబడ్డాక మూత తీసి నీరు తగ్గించి, కారం, ధనియాల పొడి వేసి, చివరి రెండు నిమిషాలకు రొయ్యలు కలిపితే చాలు. రొయ్యల్లో ఉప్పు ఉంది కనుక కూరలో ఉప్పు ఆఖర్నే చూడాలి. మొత్తం పాతిక నిమిషాలు. అన్నంలోకీ జొన్న రొట్టెలోకీ పనికొస్తుంది.

కొరమేనుది వేరే బలం. తెలంగాణ రాష్ట్ర చేప అది. బతికున్నదాన్నే ఎదుట కోయించుకోవచ్చు గనుక తాజాదనం మీద అనుమానం ఉండదు. రవ్వ, బొచ్చె చేపల్లోలా సన్న ముళ్లూ ఉండవు, పిల్లలకు ధైర్యంగా పెట్టొచ్చు. దీనికి సరైన జోడీ పులుసులో వేసే ములక్కాడ, బెండకాయ. ములక్కాడ చింతపండు పోయకముందే సగం ఉడకాలి. పులుపు తగిలాక మెత్తబడటానికి చాలాసేపు పడుతుంది. బెండకాయను జిగురు పోయేలా విడిగా వేయించి చివర్లో వేయాలి. చేప ముక్కలు వేశాక గరిట ముట్టుకోకుండా గిన్నె అంచులు పట్టుకుని తిప్పాలి. ఇబ్బందల్లా పులుసు దించగానే తింటే ముక్కకు పులుపు పట్టకపోవడం. కనీసం గంట ఆగాలి, తెల్లారితే ఇంకా బాగుంటుంది. ఆ రాత్రికే కావాలంటే రొయ్యలకే నా ఓటు.

 

హైదరాబాద్‌కు సముద్రం లేదు, రొయ్యలు వచ్చేది ఐసు మీదే. తల ఊడివస్తున్నా, తల దగ్గర నల్లబడినా, ముక్కుకు ఘాటుగా తగిలినా వదిలేయండి. ఆ పూట కొరమేను కోయించుకుని, పులుసు జోలికి పోకుండా పెనం మీద వేయించి, పాలకూర విడిగా వండుకోవడమే మేలు.