హెవీ లైసెన్స్ చేతికొచ్చింది, మొదట ఏ బండి ఎక్కాలి?

సంక్రాంతికి ఊరెళ్తే ముగ్గురు అడిగారు, పండగ అయ్యాక ఫోన్లో ఇంకొకడు. అందరిదీ ఒకటే ప్రశ్న: "అన్నా, హెవీ వచ్చింది, ఎక్కడ చేరమంటావ్?" వాళ్లకు ఏదో ఒకటి చెప్పి పంపించాను గానీ ఐదోవాడు మా ఆవిడ తమ్ముడు, వాడికి అలా చెప్పి ఇంట్లో బతకలేను. అందుకే ఇద్దరం కూర్చుని వాడికొచ్చిన మూడు అవకాశాలనూ పక్కపక్కన పెట్టి చూశాం. ఒకటి హైదరాబాద్ శివారు గోడౌన్ల నుంచి పార్శిల్ సరుకు తిప్పే కంటైనర్ కంపెనీ. రెండోది విజయవాడ ఆటోనగర్‌లో ఆరు బండ్లున్న ఓనర్. మూడోది ఊరి దగ్గరే బూడిద, కంకర తోలే టిప్పర్. నేను పద్నాలుగేళ్లుగా లైన్ మీద, అంటే దూరాలు తిరిగే లారీల మీద ఉన్నాను, మొదట కంపెనీలో చేశాను, ఆ తర్వాత అంతా ఓనర్ల దగ్గరే. కాబట్టి నా మొగ్గు ఎటో చదువుతుంటేనే మీకు తెలిసిపోతుంది, దాచను.

ముందు డబ్బు సంగతి, ఎవరైనా మొదట అడిగేది అదే కదా. కంపెనీ మావాడికి 20 వేల జీతం, రోజు బత్తా, పీఎఫ్, ఈఎస్‌ఐ అంది. ఓనర్ 13 వేలు, ట్రిప్పుకింత బత్తా అన్నాడు, పీఎఫ్ మాటెత్తితే నవ్వాడు. కాగితం మీద కంపెనీదే పైచేయి. ఈఎస్‌ఐని తక్కువగా చూడకండి, నెల జీతం 21 వేలు దాటనివాళ్లకు ఉంటుంది, మనతో పాటు భార్యాపిల్లలకూ వైద్యం దొరుకుతుంది, నడుం నొప్పి మొదలైన డ్రైవర్‌ని అడిగితే దాని విలువ చెబుతాడు.

కాకపోతే ఆ 20 వేలలో చేతికి ఎంతొస్తుందో మైలేజీ లెక్క చూస్తేగానీ తెలియదు. విజయవాడ నుంచి చెన్నై దాదాపు 450 కిలోమీటర్లు, రానూపోనూ 900. లీటరుకు 4 కిలోమీటర్లు వస్తే బండి 225 లీటర్లు తాగుతుంది. ఆఫీసులో కూర్చున్నాయన 4.2 రావాల్సిందే అని రాసిపెట్టాడనుకోండి, ఆయన లెక్క ప్రకారం 214 లీటర్లే. తేడా 11 లీటర్లు, అంటే వెయ్యి రూపాయల పైమాటే, ఒక్క ట్రిప్పులో నీ జీతంలోంచి కోస్తారు. సీనియర్ అయితే ఆ 4.2 తెస్తాడు, పైన ఇంకొంచెం మిగులుస్తాడు కూడా. కొత్తవాడికి గేరు ఎక్కడ మార్చాలో కాలికి ఇంకా తెలియదు, మొదటి ఆరు నెలలు ఇంజిన్ అరుస్తూనే ఉంటుంది. జీతం ఎంతో వాళ్లే చెబుతారు, మీరు అడగాల్సింది మైలేజీ ఎంత పెట్టారు, రాకపోతే కోత ఉందా, లోడు దిగక బండి ఆగిపోతే ఆ రోజులకు హాల్టింగ్ డబ్బులు ఇస్తారా అని.

కాగితాల విషయంలో కంపెనీ సుఖం. సరుకుతో పాటు బండిలో ఉండాల్సిన జీఎస్టీ కాగితం ఈవే బిల్లు, దానికి 200 కిలోమీటర్లకు ఒక రోజు చొప్పున గడువుంటుంది, దారిలో బండి చెడిపోయి రెండు రోజులు పడుకుందంటే ఆ గడువు కాస్తా దాటిపోతుంది. కంపెనీలో అయితే ఆఫీసువాళ్లు చూసుకుని పొడిగిస్తారు. చిన్న ఓనర్ దగ్గర సరుకు పంపిన పార్టీకి ఫోన్ చేసి బతిమాలుకునేది నువ్వే. బండి కూడా కంపెనీదే కొత్తగా ఉంటుంది. 2025 అక్టోబర్ 1 నుంచి తయారయ్యే లారీలకు ఏసీ క్యాబిన్ తప్పనిసరి చేశారు కాబట్టి ఇప్పుడు కొత్త బండ్లు కొంటున్న కంపెనీల్లో చేరినవాడు మే నెలలో కూడా చల్లగా తోలుకుంటాడు. మా రోజుల్లో తడి తువ్వాలే ఏసీ.

ఇంతవరకు చదివినవాళ్లు ఇక కంపెనీయే మేలు అనుకుని ఉంటారు. నేను దేన్ని బట్టి తేల్చుకుంటానో ఇప్పుడు చెబుతాను. మొదటి ఆరు నెలలు నీ పక్క సీట్లో ఎవరు కూర్చుంటారు? నా దృష్టిలో జీతం, ఏసీ, పీఎఫ్ అన్నీ దీని తర్వాతే.

ఇదివరకు ఎవడూ నేరుగా డ్రైవర్ అయ్యేవాడు కాదు. మూడు నాలుగేళ్లు క్లీనర్‌గా చేయాలి. టైర్లు రాడ్డుతో కొట్టి గాలి చూడటం, తాడు కట్టడం, బండి వెనక నిలబడి "రానీ, రానీ" అనడం, ఇవన్నీ అయ్యాక ఏదో అర్ధరాత్రి ఖాళీ రోడ్డు మీద డ్రైవర్ నిద్రొచ్చి స్టీరింగ్ ఇచ్చేవాడు. ఆ పద్ధతిలో తిట్లున్నాయి, దెబ్బలున్నాయి, అది మళ్లీ రావాలని నేను కోరుకోను. కానీ నేర్చుకునే చోటు అదొక్కటే ఉండేది. ఇప్పుడు క్లీనర్‌గా వచ్చేవాడు లేడు, ఆ జీతం మిగిలిందని ఓనర్లూ వెతకడం మానేశారు. ఇవాళ్టి కుర్రాడు ఇరవై ఏళ్లు నిండి, కారు లైసెన్స్‌కు ఏడాదైతే చాలు, డ్రైవింగ్ స్కూల్ వాళ్ల ఖాళీ బండి మీద నాలుగు రౌండ్లు తిరిగి హెవీ తెచ్చుకుంటాడు. పన్నెండు టైర్ల బండి ఖాళీగా పది టన్నుల చుట్టూ ఉంటుంది, లోడెత్తితే మొత్తం 35 టన్నులు. వాడు నేర్చుకున్న బండి ఒకటి, తోలబోయే బండి ఇంకొకటి.

నా సంగతే చెబుతాను. పేరెందుకులెండి, ఒక కంపెనీలో చేరిన పదకొండో రోజు బెంగళూరులో లోడెత్తుకుని ఒక్కడినే వస్తున్నాను. పలమనేరు దాటాక మొగిలి ఘాట్ దిగాలి. బండి దానంతటదే జారిపోతుంటే నాకు తెలిసిందల్లా బ్రేకు మీద కాలు పెట్టి ఉంచడం. సగం దిగేసరికి మాడిన వాసన, ఇంకాస్త దిగేసరికి పెడల్ నొక్కుతున్నా బండి వినడం లేదు. రోడ్డు కాస్త చదునైన చోట ఎడమ పక్క మట్టిలోకి దింపేశాను, ఎలా ఆగిందో నాకు ఇప్పటికీ తెలియదు. చక్రాల్లోంచి పొగ వస్తోంది. వెనక వస్తున్న తమిళనాడు బండి ఆపి ఒక పెద్దాయన దిగి వచ్చాడు. నీళ్లు పోద్దామని డబ్బా పట్టుకుంటే చేయి పట్టి ఆపాడు, కాలిన డ్రమ్ము మీద నీళ్లు పడితే పగులుతుందని. తర్వాత అడిగిన ప్రశ్న ఒక్కటే, ఏ గేరులో దిగావ్ అని. చెప్పాను. తల కొట్టుకున్నాడు. ఎక్కడానికి ఏ గేరు పడుతుందో దిగడానికీ అదే గేరు, ఇంజిన్ పొగను అడ్డి వేగం తగ్గించే ఎగ్జాస్ట్ బ్రేక్ వేసి ఇంజిన్‌తో ఆపుకుంటూ దిగాలి, కాలి బ్రేకు మధ్యమధ్యలోనే, న్యూట్రల్ మాట కలలో కూడా వద్దు. ఈ ముక్క నాకు చెప్పినవాడు మా కంపెనీ మనిషి కాడు, రోడ్డున పోయే మనిషి. కంపెనీ మాత్రం బ్రేక్ లైనర్ల ఖర్చు రెండు నెలల జీతంలో పట్టుకుంది.

ఇప్పటి కంపెనీల్లో ట్రైనింగ్ ఉంటుంది, నిజమే. రెండు మూడు రోజులు గదిలో వీడియోలు చూపిస్తారు, ఫోన్లో యాప్ ఎలా వాడాలో నేర్పుతారు, యార్డులో రివర్స్ పెట్టిస్తారు. బండిలో జీపీఎస్, కెమెరా, ఆవలిస్తే అరిచే మెషీన్. ఆ మెషీన్ నువ్వు ఆవలించాక అరుస్తుంది. సీనియర్ అయితే నీ ముఖం చూసి ముందే టీకి ఆపుతాడు. బండికి ఇద్దరు డ్రైవర్లను వేసే డబుల్ డ్రైవర్ పద్ధతి ఉన్న కంపెనీలున్నాయి, అక్కడ ఒక సీనియర్‌తో కనీసం మూడు నెలలు జోడీ వేస్తామంటే ఇంకేమీ ఆలోచించకుండా చేరండి, ఓనర్ వైపు చూడనే వద్దు. కానీ జోడీ ఎవరని గట్టిగా అడగండి. మావాడు అడిగితే ఆ ఆఫీసులో అమ్మాయి ఎంతో మర్యాదగా చెప్పింది, "ఇద్దరూ ఒకే బ్యాచ్ సార్" అని. అంటే కొత్తవాడి పక్కన ఇంకో కొత్తవాడు. ఒకడు తోలుతుంటే ఇంకొకడు భయపడటానికి.

మరి ఓనర్ దగ్గర అంతా బాగుంటుందా అంటే, అబ్బే. ఓనర్లలో రెండు రకాలు. ఒకప్పుడు తాను తోలి, ఒక్కో బండీ కూడబెట్టుకున్నవాడు ఒక రకం, ఫైనాన్స్ దొరికింది కదా అని బండ్లు తీసుకున్నవాడు రెండో రకం. రెండో రకానికి నెల కిస్తీ తప్ప ఏమీ కనబడదు. ఓవర్‌లోడ్ ఎత్తించేది అక్కడే. మోటారు వాహనాల చట్టానికి 2019లో చేసిన సవరణ తర్వాత ఓవర్‌లోడ్‌కు 20 వేలు, పైన ఎక్కువైన టన్నుకు 2 వేల చొప్పున జరిమానా, ఆ డబ్బు ఓనర్ కట్టుకుంటాడు సరే, నీ లైసెన్స్ మూడు నెలలు సస్పెండ్ అయితే ఆ మూడు నెలలు నీ ఇంట్లో పొయ్యి ఎవరు వెలిగిస్తారు? బరువు తూచిన కాటా చీటీ చూడకుండా బండి కదల్చకండి. అలాగే చేరిన రోజే 30 వేలో 40 వేలో అడ్వాన్స్ చేతిలో పెట్టే ఓనర్‌ని చూసి మురిసిపోవద్దు, అది తీరేదాకా మానలేవు. ఒరిజినల్ లైసెన్స్ నా బీరువాలో ఉంచుతానంటే అక్కడి నుంచి లేచి వచ్చేయండి.

పక్క సీట్లో సీనియర్ ఉన్నంత మాత్రాన సరిపోదని కూడా తెలుసు. మందు కొట్టి తోలేవాడు, డీజిల్ మిగులుతుందని వాలులో న్యూట్రల్ వేసేవాడు నీ పక్కనుంటే ఆ రోగమే నీకూ అంటుకుంటుంది. అందుకే మా బావమరిదితో చెప్పాను, చేరేముందు ఒక ట్రిప్పు జీతం లేకుండా ఊరికే ఎక్కి వెళ్లిరా, బత్తా కూడా అడగకు, ఆయన వాలులో ఏం చేస్తాడో, బయల్దేరేముందు కిందకు దిగి టైర్లు చూస్తాడో లేదో, రాత్రి ఎన్నింటికి పక్కకు ఆపుతాడో చూసిరా అని.

టిప్పర్ గురించి ఎక్కువ చెప్పను. రాత్రికి ఇంటికొస్తావు, అమ్మ చేతి అన్నం తింటావు, కొత్తగా పెళ్లైనవాడికి అదే మంచిదేమో. కానీ అక్కడ డబ్బంతా ట్రిప్పుల లెక్క, ఎన్ని కొడితే అంత, కాబట్టి నేర్చుకునేది తొందరే. ఎత్తుపల్లాల నేల మీద బాడీ లేపితే బండి పక్కకు పడిపోతుంది, పైన కరెంటు తీగ చూసుకోకపోతే ఇక చెప్పనక్కర్లేదు. రెండేళ్లు టిప్పర్ తోలినవాడు లైన్ బండికి వస్తే మళ్లీ మొదటి నుంచే మొదలుపెట్టాలి.

పెట్రోలు, గ్యాస్ ట్యాంకర్‌కు లైసెన్స్‌లో ప్రమాదకర సరుకుల ఎండార్స్‌మెంట్, అంటే అనుమతి, విడిగా రాయించుకోవాలి, అది మూడు నాలుగేళ్ల తర్వాతి మాట. కైకలూరు, ఆకివీడు నుంచి హౌరా వెళ్లే చేపల బండ్లలో డబ్బు బాగుంటుంది, ఐస్ కరిగేలోగా చేరాలి కాబట్టి నిద్ర ఉండదు, కొత్తవాళ్లు వద్దు. గల్ఫ్ అడిగేవాళ్లకు కూడా అదే జవాబు, ముందు ఇక్కడ చేయి తిరగనివ్వండి.

చివరికి మావాడు ఆటోనగర్ ఓనర్ దగ్గరే చేరాడు. నెలకు 7 వేలు తక్కువ, ఏసీ లేదు, మా అత్తగారు నాతో రెండు వారాలు సరిగ్గా మాట్లాడలేదు. వాడిని వేసింది రాయ్‌పూర్ లైన్ మీద, విజయనగరం దాటి సాలూరు ఘాట్ ఎక్కి వెళ్లాలి, తిరుగు లోడు ఇనుము. పక్కన ఉన్నాయనకు యాభై దాటాయి. మొన్న సాలూరులో టీ తాగుతూ ఫోన్ చేశాడు. "నాలుగు ట్రిప్పులైంది బావా, ఎక్కేటప్పుడే స్టీరింగ్ ఇస్తున్నాడు, దిగేటప్పుడు లాగేసుకుంటున్నాడు" అని ఒకటే గొడవ. ఆ పెద్దాయన పేరేంట్రా అని అడిగి, ఈసారి విజయవాడ వస్తే మా ఇంటికి భోజనానికి తీసుకురమ్మన్నాను.