కండలు బండికా, నాకా? 66 మస్టాంగ్‌కి పవర్ స్టీరింగ్ కిట్, ఎనిమిది నెలల తర్వాత

ఈ రివ్యూ రాయడానికి కావాలనే ఎనిమిది నెలలు ఆగాను. బిగించిన వారానికి రాసి ఉంటే తిట్లు తప్ప ఏమీ ఉండేవి కావు, రెండో నెలలో రాసి ఉంటే ఐదు నక్షత్రాలు ఇచ్చేసి, ఆ క్రెడిట్ అంతా కిట్‌దే అని మీకు అబద్ధం చెప్పినవాణ్ణి అయ్యేవాణ్ణి.

బండి 1966 ఫోర్డ్ మస్టాంగ్ కూపే, 289 క్యూబిక్ అంగుళాల వీ8 ఇంజిన్, మాతోపాటే డాలస్ పక్కన ప్లేనోలో ఉంటుంది. ఏసీ లేదు. టెక్సస్‌లో ఏసీ లేని కారు ఎందుకురా అని అడగని చుట్టం లేడు. మస్టాంగ్‌ని మజిల్ కారు (కండల కారు) అనకూడదు, చిన్న స్పోర్టీ బండి కాబట్టి పోనీ కారు అనాలని వాదించేవాళ్ళున్నారు, వాళ్ళతో నాకు పేచీ లేదు. కానీ పార్కింగ్‌లో ఒక్కసారి స్టీరింగ్ తిప్పి చూస్తే కండలు ఉండాల్సింది బండికా మనకా అన్నది తేలిపోతుంది. ఈ చివర నుంచి ఆ చివరకి దాదాపు ఐదు చుట్లు, అదీ నిలబడ్డ బండిలో రెండు చేతులూ వేసి.

పోయినేడు నాన్న వచ్చారు. గుంటూరులో ఇరవై ఏళ్ళు అంబాసిడర్ నడిపిన మనిషి. వీధి చివరిదాకా నడిపి, తిప్పుకొచ్చి, దిగి చేతులు దులుపుకుని, "ఏంట్రా ఇది, బావిలో చేద లాగినట్టుంది, మన అంబాసిడరే నయం" అన్నారు. నాకు రోషం వచ్చింది కానీ లెక్క ప్రకారం ఆయన మాటే నిజం. అంబాసిడర్‌కి రాక్ అండ్ పినియన్ ఉంది, అంటే స్టీరింగ్ చివరి పళ్ళ చక్రం ఒక పళ్ళ కడ్డీని నేరుగా పక్కకి జరుపుతుంది. ఈ మస్టాంగ్‌కి ఫాల్కన్ నుంచి వచ్చిన పాత పద్ధతి: స్టీరింగ్ బాక్సు, దాని కింద పిట్‌మన్ ఆర్మ్, అక్కణ్ణుంచి సెంటర్ లింక్, అవతలి పక్క ఐడ్లర్ ఆర్మ్, చివర టై రాడ్లు. ప్రతి కీలు దగ్గరా కాస్త కాస్త ఆట, అంటే వదులు. అన్నీ కలిసి స్టీరింగ్ దగ్గరికి వచ్చేసరికి రెండు అంగుళాలు తిప్పినా చక్రాలకి కబురు అందదు.

ఇక ఏం కొనాలి? ఫోర్డ్ అప్పట్లో ఇచ్చిన పవర్ స్టీరింగే వేయించుకోవచ్చు, కానీ అందులో సాయం బాక్సు లోపల ఉండదు, కింద లింకేజ్ (ఆ కడ్డీల వరస) దగ్గర ఒక వాల్వు, ఒక హైడ్రాలిక్ సిలిండరు, నాలుగు గొట్టాలు. అది ఉన్న బండి కింద అట్టముక్క పరవని గరాజ్ నేనింతవరకు చూడలేదు, అంతగా కారుతుంది. రెండో దారి, 1974లో వచ్చిన మస్టాంగ్ 2 తరహా ముందు సస్పెన్షన్ మొత్తం పెట్టేయడం. రాక్ స్టీరింగ్ వస్తుంది, ఇంజిన్ పక్కన బోలెడు చోటు మిగులుతుంది, కానీ దానికోసం షాక్ టవర్లు (ఇంజిన్‌కి రెండు పక్కలా స్ప్రింగులు కూర్చునే నిలువు గూళ్ళు) కోసేయాలి. ఈ బండికి విడిగా ఛాసిస్ ఫ్రేమ్ లేదు, ముందు భాగం బరువు మోసేవే ఆ టవర్లు. వెల్డింగ్ తెలిసినవాళ్ళు చేసుకోండి, నాకంత ధైర్యం లేదు. మూడోది నేను కొన్నది: పాత బాక్సు చోటులోనే, అవే మూడు బోల్టుల మీద కూర్చునే కొత్త బాక్సు, పవర్ సాయం దాని లోపలే. పంపు, బ్రాకెట్, పుల్లీ, గొట్టాలు అన్నీ పెట్టెలో వచ్చాయి. 1,300 డాలర్ల చిల్లర పడింది. కంపెనీ పేరు రాయను. చెప్పబోయే ఫిర్యాదుల్లో తప్పు తయారు చేసినవాళ్ళదో అమ్మినవాళ్ళదో నాకే ఇంకా తేలలేదు.

బిగించడం ఒక శనివారం పని అన్నారు. నాకు మూడు శనివారాలు పట్టింది. 66లో స్టీరింగ్ కడ్డీ బాక్సులోంచి మొదలై మీ గుండె ఎదురుగా ఉన్న చక్రం దాకా ఒకే ముక్క. ముందు నుంచి ఎవరైనా గుద్దితే అది బల్లెమే. ఈ కిట్‌కి ఆ కడ్డీనీ, దాని మీది గొట్టాన్నీ కోసి, మధ్యలో కీలు పెట్టాలి, అదొక మంచి పనే. కానీ ఎక్కడ కోయాలో చెప్పే కాగితంలో ఫోటో నల్లగా మసకేసి ఉంది, కొలత ఎక్కణ్ణుంచి మొదలుపెట్టాలో అర్థం కాదు, ఫైర్‌వాల్ (ఇంజిన్‌కీ మనకీ మధ్య రేకు గోడ) నుంచా, గొట్టం చివర నుంచా? యాభై ఏళ్ళు దాటిన గొట్టం మీద రంపం పెట్టి నిలబడినప్పుడు ఆ టెన్షన్ ఏంటో నాకు తెలుసు. ఒక ముప్పావు అంగుళం ఎక్కువే ఉంచి కోశాను, తర్వాత గీకుతూ గీకుతూ సరిపెట్టాను. మీరూ అలాగే చేయండి, ఎక్కువైతే కోయొచ్చు, తక్కువైతే అతికించలేం.

రెండో ఫిర్యాదు, రిటర్న్ గొట్టం దగ్గర ఓ-రింగ్ (కారకుండా ఆపే రబ్బరు ఉంగరం) పెట్టెలోనే నలిగిపోయి వచ్చింది. చూసుకోకుండా బిగించాను. పొద్దున చూస్తే ఎర్రగా మడుగు. అంటే నాకూ అట్టముక్క తప్పలేదన్నమాట.

ఇంజిన్ స్టార్ట్ చేసి ఒక్క వేలితో స్టీరింగ్ తిప్పినప్పుడు మాత్రం, నిజం చెప్తున్నా, గరాజ్‌లో ఒక్కణ్ణే నవ్వుకున్నాను. మూడున్నర చుట్లు. నిలబడ్డ బండిలో నా కూతురు కూడా తిప్పేసింది.

అసలు కథ హైవే ఎక్కాక మొదలైంది. డెబ్భై మైళ్ళ స్పీడులో బండి పక్క లేన్ వైపు చూడ్డం మొదలుపెట్టింది. ఇదివరకు బరువుగా ఉండటం వల్ల తెలియని ఊగులాట ఇప్పుడు తేలికైపోయేసరికి మొత్తం చేతికి తెలుస్తోంది. కొంచెం తిప్పితే ఎక్కువ తిరుగుతోంది, సరిచేస్తే అటు పోతోంది. కిట్ చెత్త అనుకున్నాను. బాక్సు పైన ఉండే సర్దుబాటు స్క్రూ బిగిస్తే ఆట పోతుందని ఎవరో చెప్పారు, దయచేసి ఆ పని చేయకండి, అది పళ్ళ మధ్య సందు కోసం పెట్టింది, ఇష్టం వచ్చినట్టు బిగిస్తే కొత్త బాక్సు లోపలే అరిగిపోతుంది. ఆట బాక్సులో లేదు. ఐడ్లర్ ఆర్మ్ పట్టుకుని ఊపితే ఊడబోయే పన్ను లాగా కదిలింది.

వీల్ అలైన్‌మెంట్‌కి తీసుకెళ్తే అక్కడి కుర్రాడు కంప్యూటర్లో 1966 అని కొట్టి, ఫ్యాక్టరీ అంకెలకి పెట్టి, పచ్చ రంగు కాగితం చేతిలో పెట్టాడు. అతని తప్పేం లేదు. కానీ ఆ అంకెలు అప్పటి పాత రకం బయాస్ టైర్లకి, చేత్తో తిప్పే స్టీరింగ్‌కి రాసినవి. అందులో క్యాస్టర్ ఒక డిగ్రీ లోపే. క్యాస్టర్ అంటే సైకిల్ ముందు ఫోర్క్ వాలు లాంటిది, ఆ వాలు ఉండబట్టే చేతులు వదిలేసినా సైకిల్ నేరుగా పోతుంది. వాలు పెంచితే స్టీరింగ్ బరువెక్కుతుంది, అందుకే అప్పట్లో తక్కువ పెట్టారు. ఇప్పుడు బరువు మోయడానికి పంపు ఉంది కదా, ఇంకా భయమెందుకు?

అందుకని మళ్ళీ విప్పాను. ఐడ్లర్ ఆర్మ్, టై రాడ్ చివరలు, స్ట్రట్ రాడ్లు (కింది ఆర్మ్‌ని ముందుకీ వెనక్కీ కదలకుండా పట్టే కడ్డీలు) కొత్తవి, పొడవు సర్దుకునే రకం. విప్పిన చేత్తోనే షెల్బీ డ్రాప్ కూడా చేశాను, ఈ మొత్తంలో నాకు బాగా నచ్చిన భాగం ఇదే. ఫోర్డ్‌లో క్లాస్ ఆర్నింగ్ అనే ఇంజినీరు లెక్క అది: పై కంట్రోల్ ఆర్మ్ (చక్రాన్ని పైనుంచి పట్టి ఉంచే చేయి) షాక్ టవర్‌కి బిగిసే చోటుని ఒక అంగుళం కిందికి, ఎనిమిదో వంతు అంగుళం వెనక్కి జరపడం. మస్టాంగ్ నుంచే తయారైన రేసు తరహా బండ్లు, 1965 షెల్బీ జీటీ350లకి ఇలా చేశారు, 66లో మధ్యలో ఖర్చు మిగుల్చుకోవడానికి మానేశారు. మామూలు మస్టాంగ్ మలుపులో వాలినప్పుడు బయటి చక్రం పైభాగం బయటికి తిరిగిపోతుంది, టైరు అంచు మీద నిలబడుతుంది. ఆర్మ్ కిందికి దిగితే చక్రం లోపలికి వాలుతుంది, టైరు రోడ్డుని మొత్తంగా పట్టుకుంటుంది. దీనికి కావాల్సింది పాత రంధ్రాలకి బిగించే ఒక ఇనప టెంప్లేట్, 17/32 అంగుళాల డ్రిల్ బిట్, పక్కకి రెండు చొప్పున నాలుగు రంధ్రాలు. టెంప్లేట్, బిట్ కలిపి అరవై డాలర్లు కూడా కాలేదు.

ఒక్క హెచ్చరిక. ఈ బండికి స్ప్రింగు కింది ఆర్మ్ మీద కాదు, పై ఆర్మ్ మీద, టవర్ లోపల కూర్చుంటుంది. స్ప్రింగుని నొక్కి పట్టే సరైన కంప్రెసర్ లేకుండా దాని జోలికి పోవద్దు. నేను దాన్ని నొక్కుతున్నంతసేపూ మా ఆవిడ తలుపు దగ్గర ఫోన్ పట్టుకుని నిలబడింది, వీడియో కోసం కాదు, అంబులెన్స్ కోసం.

తర్వాత ఇంకో అలైన్‌మెంట్ షాపుకి వెళ్ళాను, అక్కడి పెద్దాయనకి 65, 66 బండ్లలో పై ఆర్మ్ వెనక షిమ్ములు (పల్చటి రేకు ముక్కలు) పేర్చి సర్దాలని తెలుసు. క్యాస్టర్ మూడు డిగ్రీలు, క్యాంబర్ (ముందు నుంచి చూస్తే చక్రం వాలు) మైనస్ అర డిగ్రీ, టో-ఇన్ (చక్రాల ముందు అంచులు లోపలికి తిరిగిన కొలత) ఎనిమిదో వంతు అంగుళం. ఓపిగ్గా రెండు గంటలు చేశాడు. అదే హైవే, అదే స్పీడు, ఈసారి బండి తిన్నగా పోయింది, మలుపు తిరిగి వదిలేస్తే స్టీరింగ్ దానంతట అదే మధ్యకి వస్తోంది. ముందు భాగం అర అంగుళం పైన కిందికి దిగి చూడ్డానికి కూడా బాగుంది, అది బోనస్.

మరి కిట్‌కి ఎన్ని మార్కులు? బాక్సుకి పదికి తొమ్మిది, ఎనిమిది నెలల్లో ఓ-రింగ్ తప్ప ఒక్క చుక్క కారలేదు. ఆ కాగితానికి రెండు. అయితే నా చేతిలో ఉన్నది 400 డాలర్లే అయితే కిట్ జోలికి పోకుండా ముందు అరిగిన కీళ్ళు మార్చి, రంధ్రాలు వేసి, అలైన్‌మెంట్ చేయించి, క్యాస్టర్ మాత్రం ఒకటిన్నర దగ్గర ఆపి, చేత్తోనే తిప్పుకునేవాణ్ణి. నేను తలకిందులుగా చేశాను, అందుకే అలైన్‌మెంట్‌కి రెండుసార్లు డబ్బు కట్టాను. ఇంజిన్‌కి లాంగ్ ట్యూబ్ హెడర్లు (పొడుగాటి పొగ గొట్టాలు) ఉన్నవాళ్ళు కొనేముందు బాక్సు పక్కన చోటు కొలుచుకోండి, నాది పాత ఇనప మానిఫోల్డే కాబట్టి తగల్లేదు.

నాన్న మొన్న వీడియో కాల్‌లో చూశారు. ఒక్క వేలితో తిప్పి చూపించాను. కాసేపు చూసి, "బాగుంది కానీ బ్రేకులు ఏం బ్రేకులు?" అన్నారు. నాలుగు చక్రాలకీ డ్రమ్ములే అని చెప్పలేదు, సిగ్నల్ సరిగా లేదని పెట్టేశాను.