శ్రీశైలం ఘాట్‌కు ముందు హైదరాబాద్‌లో ఒక రోజు: పడుకోవడమా, నెమ్మదిగా తొక్కడమా, ఊరు చూడడమా?

ఉత్తరాది నుంచి సైకిల్ మీద దిగివస్తూ శ్రీశైలం వైపు సాగేవారు హైదరాబాద్‌లో ఒక రోజు ఆగాలా వద్దా అని అడిగితే, ఆగి తీరాలంటాను. ముందున్న దారి దాదాపు 215 కిలోమీటర్లు. కల్వకుర్తి, అచ్చంపేట మీదుగా మన్ననూరు దాకా ఓ మోస్తరు ఎత్తుపల్లాలే. అక్కడి నుంచి నల్లమల ఎక్కాలి. దోమలపెంట దాటి కృష్ణ దాకా మలుపుల్లో దిగాలి. వంతెన దాటగానే సున్నిపెంట వైపు మళ్లీ ఎక్కాలి. సామాను సంచులు కట్టుకున్న సైకిల్‌తో ఇదంతా చేయాలంటే కాళ్ల అలసట తీరి ఉండాలి. తేల్చుకోవలసింది ఆ ఒక్క రోజు ఎలా గడపాలన్నదే. రోజంతా పడుకోమనేవారు ఉన్నారు, అరగంట తేలికగా తొక్కమనేవారు ఉన్నారు, వచ్చాం కదా ఊరు చూద్దామనేవారు అందరికంటే ఎక్కువ.

ఊరు చూడడం గురించే ముందు చెబుతాను. విశ్రాంతి అనుకుంటూ మనం చేసే పనుల్లో కాళ్లను ఎక్కువగా దెబ్బతీసేది ఇదే.

గోల్కొండనే తీసుకోండి. కోట పైకొనలో ఉన్న బాలా హిస్సార్ దాకా సుమారు 360 మెట్లు. సైకిల్ తొక్కేవారికి ఎక్కడం పెద్ద కష్టం కాదు, చిక్కంతా దిగడంలో ఉంది. మెట్టు దిగే ప్రతిసారీ తొడ ముందు కండరం శరీరం బరువును ఆపుతూ సాగుతుంది. బరువు మోస్తూ సాగే కండరంలో సన్నని పోగులు దెబ్బతింటాయి. సైకిల్ తొక్కడంలో ఈ రకం పని దాదాపు ఉండదు కాబట్టి, వందల కిలోమీటర్లు తొక్కిన కాళ్లకు కూడా మెట్లు దిగడం కొత్తే. ఆ నొప్పి వెంటనే తెలియదు. 24 నుంచి 72 గంటల మధ్య ముదురుతుంది. లెక్క వేసి చూడండి: ఈరోజు కోట, రేపు మన్ననూరు దాకా ప్రయాణం, ఎల్లుండి ఘాట్. సరిగ్గా ఎక్కవలసిన రోజునే తొడలు పట్టేస్తాయి.

ఇది కోట మీద అయిష్టంతో చెప్పే మాట కాదు. ఫతే దర్వాజా కమాను కింద చప్పట్లు కొడితే పైన కొండ మీద వినిపించే ఆ నిర్మాణాన్ని ఎన్నిసార్లు చూసినా నాకు తనివి తీరదు. అంతటి కోటను అలసిన కాళ్లతో హడావిడిగా చూడడం దానికీ అన్యాయమే. శ్రీశైలం నుంచి తిరిగి వచ్చేటప్పుడు చూడండి. సాలార్‌జంగ్ మ్యూజియంలో మెట్ల బాధ తక్కువే గాని, రాతి నేల మీద మూడు నాలుగు గంటలు ఆగుతూ నడుస్తూ ఉంటే పిక్కలు బరువెక్కుతాయి. ఏదో ఒకటి చూడకుండా ఉండలేమంటే సాయంత్రం హుస్సేన్‌సాగర్‌లో పడవ ఎక్కి బుద్ధ విగ్రహం దాకా వెళ్లి రండి. కూర్చుని చూడగలిగినవే ఆ రోజుకు సరిపోతాయి.

ఇక అసలు పోటీ పడుకోవడానికీ తేలికగా తొక్కడానికీ మధ్య.

తొక్కాలనేవారు టూర్ డి ఫ్రాన్స్ సైకిల్ పోటీని చూపిస్తారు. అక్కడ 21 దశల పోటీలో రెండు విశ్రాంతి రోజులుంటే, ఆ రెండు రోజులూ పోటీదారులు గంటో రెండు గంటలో తొక్కుతారు. నిజమే. మర్నాడు వాళ్లు గుండె అదిరే వేగంతో పోటీకి దిగాలి, కాబట్టి శరీరాన్ని ఆ ఊపులో ఉంచుకుంటారు. మనకు ఆ అవసరం లేదు. మర్నాడు మనం గంటకు పదిహేను, ఇరవై కిలోమీటర్లతో మొదలుపెట్టి, దారిలో టీ తాగి, మెల్లగా వేడెక్కవచ్చు. రెండో వాదన, గట్టిగా శ్రమిస్తే కండరాల్లో చేరే లాక్టిక్ ఆమ్లం గురించి: తేలికగా తొక్కితే అది కాళ్లలోంచి పోతుందంటారు. తొక్కడం ఆపిన గంట, గంటన్నరలో అది ఎలాగూ మామూలు స్థాయికి వచ్చేస్తుంది. రాత్రి నిద్రపోయి లేచిన మనిషిలో కడగడానికి ఏమీ మిగలదు.

అయినా తేలికగా తొక్కడం వైపే నా మనసు మొగ్గుతుంది, ఒక షరతుతో. రోజుల తరబడి తొక్కి ఒక్కసారిగా ఆగిపోతే కాళ్లు మొద్దుబారినట్టు అనిపించడం యాత్రికులందరికీ తెలిసిన విషయం. అరగంట, ముప్పావు గంట చిన్న గేరులో, పక్కవారితో ఆగకుండా మాట్లాడగలిగేంత నెమ్మదిగా తిప్పితే ఆ బిగువు వదులుతుంది, ఆకలి పుడుతుంది. సైకిల్‌లో వినిపించే కొత్త చప్పుళ్లు కూడా ఊళ్లో ఉండగానే తెలుస్తాయి.

షరతు ఏమిటంటే, నొప్పి ఎక్కడుందో చూసుకోవాలి. తొడల్లో, పిక్కల్లో మాత్రమే ఉంటే తొక్కండి. సీటు ఒరిసి చర్మం ఎర్రబడితే, ఉంగరపు వేలూ చిటికెన వేలూ తిమ్మిరెక్కుతుంటే, మోకాలు పొడుస్తుంటే ఆ రోజు సైకిల్‌కు తాళం వేయండి. ఒరిసిన చర్మానికి సీటుకు దూరంగా ఉండడాన్ని మించిన మందు లేదు. హ్యాండిల్ మీద బరువు ఆనించి ఆనించి అరచేతిలో నరం నొక్కుకుపోతేనే ఆ తిమ్మిరి వస్తుంది, అదీ ఒత్తిడి తీసేస్తేనే తగ్గుతుంది. మోకాలి ముందువైపు నొప్పికి తరచుగా సీటు మరీ కిందికి ఉండడం కారణం. సరిచేస్తే కొద్దికొద్దిగానే పైకి లేపండి. ఒకేసారి వేలెడు లేపి ఘాట్ ఎక్కితే నొప్పి మరో చోటికి మారుతుంది.

మరో చిక్కు ఈ నగరం. అమీర్‌పేట రద్దీలో అరగంట తొక్కడం విశ్రాంతి కాదు. ప్రతి సిగ్నల్ దగ్గరా ఆగి, బలంగా తొక్కి మళ్లీ కదలాలి. బస ఎక్కడ అన్నదాన్ని బట్టే తొక్కడం తేలిక అవుతుందో కాదో తేలుతుంది. నార్సింగి, నానక్‌రామ్‌గూడ దగ్గర దిగినవారిది అదృష్టం. ఔటర్ రింగ్ రోడ్డు పక్కన 2023 అక్టోబరులో ప్రారంభమైన 23 కిలోమీటర్ల సైకిల్ దారి ఉంది, పైన సౌర పలకల కప్పు నీడ ఇస్తుంది. ఒక పాయ నానక్‌రామ్‌గూడ నుంచి పోలీస్ అకాడమీ వైపు, మరొకటి నార్సింగి నుంచి కొల్లూరు వైపు వెళ్తాయి. నాంపల్లి, లక్డీకాపూల్ వైపు ఉన్నవారు తెల్లవారుజామున నెక్లెస్ రోడ్డుకు వెళ్లవచ్చు. మిగతా చోట్ల ఉన్నవారు తొక్కడానికి మరో పది కిలోమీటర్లు ట్రాఫిక్‌లో ఈదడం కంటే గదిలో పడుకోవడమే మేలు.

తొక్కినా తొక్కకపోయినా మిగతా రోజంతా చేయవలసిన పనులు తినడం, నిద్రపోవడం. కండరాల్లో ఖాళీ అయిన గ్లైకోజన్, అంటే పిండిపదార్థం నుంచి దాచుకున్న శక్తి నిల్వ, మళ్లీ నిండడానికి దాదాపు ఒక రోజు పడుతుంది, అదీ సరిపడా తింటేనే. శరీరం బరువులో ప్రతి కిలోకు ఏడు గ్రాముల పిండిపదార్థం లెక్కన చూస్తే, 60 కిలోల మనిషికి 420 గ్రాములు కావాలి. వండిన అన్నం ఒక కప్పులో ఉండేది సుమారు 45 గ్రాములే. అందుకే ఉదయం ఇడ్లీ, మధ్యాహ్నం పప్పన్నం, నడుమ అరటిపండ్లు, రాత్రి పెరుగన్నం, ఇలా రోజంతా పంచుకుని తినాలి. బిరియాని తప్పకుండా తినండి, మధ్యాహ్నం పూట. రాత్రి నూనెతో నిండిన కడుపు నిద్ర చెడగొడుతుంది.

నిద్ర మాట వచ్చింది కాబట్టి బంధువుల ఇల్లా, లాడ్జీయా అన్నదీ చూడాలి. అత్తయ్య ఇంట్లో దొరికే భోజనం, ఉతికిన బట్టలు, ఆప్యాయత లాడ్జీలో దొరకవు. కానీ మేనబావలు, మరదళ్లు, పక్కింటివారు అందరూ యాత్ర కబుర్లు వినాలంటారు, పన్నెండింటికి గాని పడుకోనివ్వరు. “అత్తయ్యా, తొమ్మిదింటికే పడుకుంటాను, ఏమీ అనుకోవద్దు” అని రాగానే చెప్పగలిగితే ఇల్లే మేలు. అలా చెప్పలేని మొహమాటస్తులు మధ్యాహ్నం భోజనానికి వెళ్లి, రాత్రికి లాడ్జీకి వచ్చేయాలి.

సైకిల్‌కు కూడా ఓ గంట కావాలి. చైను తుడిచి నూనె వేయడం ఎక్కడైనా చేసుకోవచ్చు. బ్రేకు రబ్బర్లు మాత్రం ఇక్కడే మార్చుకోండి. దోమలపెంట దిగుడులో సామానుతో ఉన్న సైకిల్‌ను ఆపవలసింది అవే, ఆ అడవిలో కొత్తవి దొరకవు.

వీలుంటే ముందు రోజు మధ్యాహ్నానికే నగరం చేరుకోండి. అప్పుడు ఒక రోజు కాస్తా రెండు రాత్రులూ ఒకటిన్నర రోజూ అవుతుంది, మొదటి సాయంత్రం బట్టలకూ మరమ్మతుకూ సరిపోతుంది. బయలుదేరిన రోజు రాత్రికి అచ్చంపేటలోనో మన్ననూరులోనో ఆగండి. అమ్రాబాద్ పులుల అభయారణ్యం గుండా వెళ్లే ఆ దారిని రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా మూసివేస్తారు, పొద్దున్నే చెక్‌పోస్టు తెరిచే వేళకు అక్కడుంటే ఎండ ముదరకముందే మొదటి ఎక్కుడు పూర్తవుతుంది.