చిన్న ఇత్తడి భాగాలు వంచాలంటే: కొవ్వొత్తా, స్పిరిట్ దీపమా, జెట్ లైటరా?

మోడల్ కట్టే మిత్రులు ఈ ప్రశ్న అడుగుతూనే ఉంటారు, ఈ మధ్య నాకూ మళ్లీ ఎంచుకోవాల్సి వచ్చింది కాబట్టి రాస్తున్నా. గుంతకల్లు మీటర్ గేజ్ రోజుల గుర్తుగా వైజీ ఆవిరి ఇంజన్‌ను 1:87 కొలతలో కడుతున్నాను. బాయిలర్ పక్కన హ్యాండ్‌రెయిల్‌కి 0.5 మి.మీ. ఇత్తడి తీగ, మెట్లకు 0.2 మి.మీ. రేకు. గట్టి తీగను అలాగే వంచితే స్ప్రింగులా వెనక్కి లేస్తుంది, సరిచేద్దామని రెండుమూడు సార్లు అటూ ఇటూ తిప్పామా, పుటుక్కున విరుగుతుంది. అందుకే వంచాల్సిన చోటును ముందు మంట మీద కాల్చి మెత్తబరచాలి.

కొవ్వొత్తి చవక, ఇంట్లోనే ఉంటుంది. కానీ మసి. మసి కింద లోహం రంగు కనబడదు, రంగు కనబడకపోతే ఎప్పుడు ఆపాలో తెలీదు. నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యం అదే.

జెట్ లైటర్ మంట 1300 డిగ్రీల దాకా పోతుంది, ఇత్తడేమో 900 దాటితే కరిగేదే. మెత్తబడటానికి 500-600 చాలు. పోయిన వేసవిలో నా మెట్ల రేకు అంచు రెండు సెకన్లలో ముడుచుకుని ముద్దయిపోయింది, వారం పని పోయింది, చాలా బాధేసింది. అదే 1.5 మి.మీ. కడ్డీ అయితే మాత్రం లైటరే నయం, ఎందుకంటే దీపం ఇచ్చే వేడిని ఆ లావు కడ్డీ వెంటవెంటనే పక్కకు లాగేసుకుంటుంది.

స్పిరిట్ దీపానికే నా ఓటు. మసి లేదు, మంట చిన్నది. తీగను పట్టకారుతో పట్టుకుని, వంపు రావాల్సిన చోటును మాత్రమే మంట కొస దగ్గర మెల్లగా అటూ ఇటూ ఆడించండి. ముందు పసుపు మెరుపు పోయి నల్లబడుతుంది, తర్వాత మసక ఎరుపు లీలగా తోస్తుంది, అంతే, తీసేయాలి. ఆ ఎరుపు వెలుతురులో కనబడదు. నేను తెల్లవారకముందే, ఐదింటికి కూర్చుంటాను. మా అనంతపురంలో మే నెలలో ఫ్యాన్ ఆపి కూర్చోగలిగేది కూడా అప్పుడే. మిగతా తీగ వేడి తగలక బిగువుగానే ఉంటుంది కాబట్టి హ్యాండ్‌రెయిల్ తిన్నగా నిలబడుతుంది. ఒక్క జాగ్రత్త: ఎండలో స్పిరిట్ మంట కంటికి ఆనదు, ఆరిందనుకుని చేయి పెట్టకండి, వెలుగుతుండగా స్పిరిట్ అసలే పోయకండి.

గ్యాస్ పొయ్యి మంట ఈ పనికి మరీ వెడల్పు. సోల్డరింగ్ ఐరన్ వేడి చాలదు. తెల్లలోహం (తక్కువ వేడికే కరిగే తగరం లాంటి మిశ్రమం) భాగాలను మంట దగ్గరికే తేవద్దు, వేడినీళ్లలో ముంచి వంచండి. టంకం వేసిన చోట మంట తగిలితే అతుకు ఊడిపోతుంది. మడత గీత ఉన్న రేకులను కాల్చనే కాల్చకండి, గీత దగ్గర పదునుగా మడవాల్సినవి మెత్తబడితే పక్కలు కూడా వంకరపోతాయి.

కాల్చాక ఇత్తడిని నీళ్లలో ముంచినా, గాలికి ఆరనిచ్చినా తేడా లేదు. పైన పట్టిన నలుపు పోవడానికి చింతపండు రసంలో కాసేపు ఉంచి పాత టూత్‌బ్రష్‌తో రుద్దితే చాలు, మా అమ్మ ఇత్తడి చెంబులు తోమేది కూడా దానితోనే. వంచుతుంటే మధ్యలో మళ్లీ బిగుసుకున్నట్టు చేతికి తెలిస్తే బలవంతం చేయకుండా ఇంకోసారి దీపం వెలిగించండి.