మస్టాంగ్ జీటీయా, జీఆర్ 86యా?

ఫోర్డ్ మస్టాంగ్ జీటీకీ టయోటా జీఆర్ 86కీ డోర్లు రెండే. రెండూ వెనక చక్రాలతో నడిచేవే, రెండిట్లోనూ ఆరు గేర్ల మాన్యువల్ దొరుకుతుంది. పోలికలు దాదాపు అంతవరకే.

1964లో ఫోర్డ్ తన మామూలు ఫాల్కన్ కారు భాగాలనే వాడుకుని, కుర్రకారు కొనగలిగే ధరలో మస్టాంగ్‌ను తెచ్చింది. వెడల్పాటి తిన్నని రోడ్లు ఉన్న దేశంలో కారు సత్తా అంటే ముందుకు దూకడమే. అందుకే 2014 వరకూ దాని వెనక రెండు చక్రాలనూ కలిపే ఒకే కడ్డీలాంటి యాక్సిల్ ఉన్నా, మలుపుల్లో అది అంత కుదురుగా లేకపోయినా, పెద్దగా ఎవరూ వద్దనలేదు. ఇప్పటి జీటీలో 5 లీటర్ల వీ8 ఇంజన్ (వీ ఆకారంలో ఎనిమిది సిలిండర్లు), 480 హార్స్‌పవర్. స్టార్ట్ చేయగానే వచ్చే ఆ గుడగుడ శబ్దం నాకు ప్రాణం. ఒక్కో వైపున ఉన్న నాలుగు సిలిండర్లూ సమాన వ్యవధిలో మండవు కాబట్టే ఆ తడబాటు లయ వస్తుంది. ఏ స్పీకరూ దాన్ని అనుకరించలేదు.

86 పుట్టుక వేరు. దాని పేరు 1983లో వచ్చిన ఏఈ 86 కరోలా నుంచి తీసుకున్నది. ఆ పాత కారులో ఉన్నది 1.6 లీటర్ల ఇంజనే, కానీ తేలిక. జపాన్ కొండదారుల్లో కుర్రాళ్లు డ్రిఫ్టింగ్, అంటే మలుపుల్లో కారు వెనక భాగాన్ని కావాలనే జార్చడం, నేర్చుకున్నది అలాంటి కార్ల మీదే. కొత్త 86ను సుబారు తయారుచేస్తుంది, ఇంజనూ వాళ్లదే: 2.4 లీటర్ల బాక్సర్, అమెరికా మోడల్లో 228 హార్స్‌పవర్. అంటే మస్టాంగ్‌లో సగం కూడా లేదు. అయితే బరువు కూడా సుమారు 450 కిలోలు తక్కువ.

ఆ తేడా తెలిసేది మలుపులోనే. 86లో బ్రేక్ వేసి, రెండో గేరుకి దించి స్టీరింగ్ తిప్పితే ముక్కు వెంటనే అటు వాలుతుంది. బాక్సర్ సిలిండర్లు అడ్డంగా పడుకుని ఉంటాయి కాబట్టి ఇంజన్ బరువంతా కిందికే ఉంటుంది, బాడీ పెద్దగా ఒరగదు. మలుపు మధ్యలో ఆక్సిలరేటర్ కాస్త నొక్కితే వెనక భాగం కొద్దిగా జారడం నడుముకి తెలుస్తుంది. సర్దుకోవడానికి టైమ్ కూడా ఇస్తుంది. మస్టాంగ్ కూడా ఇప్పుడు బాగానే తిరుగుతుంది, 2015 నుంచి ఆ కడ్డీ పోయి వెనక చక్రాలకి విడివిడి సస్పెన్షన్ వచ్చింది. కానీ అదే మలుపులో అంత బరువునీ అంత పవర్‌నీ అదుపులో పెట్టుకోవాలన్న టెన్షన్ వదలదు. రోడ్డు మీద దాన్ని పూర్తిగా తొక్కగలిగేది కొన్ని సెకన్లే.

86లో నచ్చనివీ ఉన్నాయి. ఇంజన్ శబ్దం మొరటుగా ఉంటుంది, దానికి తోడు స్పీకర్ల నుంచి కృత్రిమంగా కొంత కలుపుతారు. వెనక సీట్లు పేరుకే. మస్టాంగ్‌లో నాకు విసుగు తెప్పించేది పెద్ద స్క్రీన్: ఏసీ తగ్గించాలన్నా దాన్నే తడమాలి. 86లో దానికి తిప్పే నాబ్‌లున్నాయి.

రోజంతా హైవేలోనే గడిచేవాళ్లకి మస్టాంగ్ హాయి. నేను మాత్రం 86నే తీసుకుంటాను, అదీ మాన్యువల్. రేస్ ట్రాక్‌కి వెళ్లే ఆలోచన ఉంటే వెనక సీటు మడిచి చూడండి, విడిగా నాలుగు చక్రాలు పడతాయి.